మూడో మొద్దు కాలకముందే

పోయిన నెల మా కోడలు ఒక తెల్లటి పట్టు చున్నీ, వేలెడంత రంగు సీసాలు ఆరు తెప్పించుకుని మధ్య గదిలో నేల మీద పరుచుకుని కూర్చుంది. ఫోనులో చూసి నేర్చుకుందట. చున్నీ మీద తామరపూలు వేసింది. బాగానే వేసింది, ఊరికే పొగిడే మనిషిని కాను నేను. రంగు ఆరాక దాన్ని కాగితంలో చుట్టి, ఇడ్లీ గిన్నెలో నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టబోతూ నన్నడిగింది.

"అత్తమ్మా, గిది ఎంతసేపు ఉడకాలె?"

ఉడకడం కాదు బిడ్డా, ఆవిరి పట్టడం అన్నాను. గంటన్నర ఉండాలన్నాను.

"గంటన్నరనా? గ్యాసంత ఒడుస్తది. ముప్పావు గంటకే తీస్తే ఏమైతది?"

ఏమవుతుందో నాకు తెలిసినట్టు ఈ జనగామలో ఇంకెవరికీ తెలియదు. లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాను. కోడలు వెనకే వచ్చి బీపీ గోలీ వేసుకున్నావా అని అడిగింది. వేసుకున్నానని చెప్పి పంపించాను.

ఆ ముప్పావు గంట సంగతే ఇప్పుడు రాస్తున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి కాబట్టి రాతలో సొగసు వెతకొద్దు. నా ఈడు వాళ్లు చదివితే, పొయ్యి దగ్గర బతుకు గడిపిన ఆడవాళ్లు చదివితే, నేను చేసింది ఎంత చిన్న పనో, ఎంత పెద్ద తప్పో వాళ్లకు విడమరిచి చెప్పనక్కర లేదు.

మా పుట్టిల్లు గూడూరు దాటాక అడవి అంచున ఒక పల్లె. బడి ఉండేది కాదు, ఉన్నా నన్ను పంపేవాళ్లు కాదు, మేకల వెంట ఎవరు పోవాలి మరి? పదిహేనేళ్లకు ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా అత్త పట్టుకు రంగులు వేసేది. భూపాలపల్లి అడవుల దిక్కు నుంచి దసలి పట్టు నూలు, ఇంకో దిక్కు నుంచి మామూలు తెల్ల పట్టు వచ్చేవి. అత్త వాటిని పెరట్లో రాగి గంగాళాల్లో వేసి, పటిక వేసి, పుల్లటి సిర్కా పోసి, కట్టెతో తిప్పుతూ ఎర్రగా పచ్చగా చేసి మగ్గాల వాళ్లకు ఇచ్చేది. వచ్చిన నెలలోనే నా చేతులు మోచేతి దాకా రంగెక్కాయి. మొదటిసారి పుట్టింటికి పోయినప్పుడు మా అవ్వ నా చేతులు చూసి, పెండ్లి చేసి పంపితే నిన్ను కూడా గంగాళంలో ముంచిండ్రా అని అడిగింది.

మగ్గాలు తగ్గిపోయే కాలం వచ్చాక నూలు రంగు అడిగేవాళ్లు లేకపోయారు. అదే సమయంలో నా మరిదికి పెండ్లయి చిన్న యారాలు ఇంట్లోకి వచ్చింది. ఆమెది జఫర్‌గఢ్. ఏడో తరగతి చదివింది. మనిషి బక్కగా, మాట మెల్లగా ఉండేది. ఈమె ఈ ఇంట్లో ఏం నెగ్గుతుంది అనుకున్నాను. ఒకరోజు పాత పట్టు గుడ్డ ముక్క మీద, మిగిలిన రంగులో వేలు ముంచి ఒక నెమలిని వేసింది. మా అత్త దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. నా రంగును అత్త ఎన్నడూ అంతసేపు చూడలేదు. ఇది రాయకపోతే మిగిలినదంతా అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను.

అట్లా మొదలైంది ఇంట్లో పట్టు చీరలకు బొమ్మలు వేసే పని. నవారు విప్పేసిన మంచం పట్టెల మధ్య చీరను మూరెడు మూరెడు చొప్పున బిగించి కట్టేవాళ్లం. గుచ్చడానికి గుండుసూదులు వాడేవాళ్లం కాదు, తడికి తుప్పు పట్టి మరక పడుతుంది. తుమ్మ ముండ్లు వాడేవాళ్లం. చిన్న యారాలు మైనం కరిగించి సన్నగా గీత గీసేది, రంగు గీత దాటకుండా. ఆ గీతల మధ్య కుంచె తాకిస్తే చాలు, రంగు తనంతట తాను పాకిపోయి గీత దగ్గర ఆగేది. తడి ఆరకముందే ఉప్పు కల్లు నాలుగు చల్లితే ఆకుల మీద మంచు పడ్డట్టు మచ్చలొచ్చేవి. చీర అంచుకు నేల రంగు వేయడం, ఆఖరున ఆవిరి పట్టడం నా వంతు. చుట్టుపక్కల దేవరుప్పుల, జఫర్‌గఢ్, మానుకోట దిక్కు నుంచి పెండ్లి చీరలకు మా ఇంటికే వచ్చేవాళ్లు. ఆమె చేతి నెమళ్లు ఏ రెండూ ఒక తీరుగా ఉండేవి కావు.

ఆవిరి సంగతి కొంచెం చెప్పాలి. బొమ్మ వేసిన పట్టును ఆరబెట్టి, పాత నూలు గుడ్డా కాగితాలూ మధ్య మధ్య పెట్టి చాపలా చుట్టి, గంగాళం అడుగున జానెడు నీళ్లు పోసి, అంచు మీద అడ్డకర్ర పెట్టి దానికి ఆ చుట్టను వేలాడదీసేవాళ్లం. నీళ్లు తాకొద్దు, పక్కలు తాకొద్దు. పైన గోనెసంచులు కప్పి మూత పెట్టేవాళ్లం. మా ఇంట్లో గడియారం లేదు. మా అత్త లెక్క ఏమిటంటే, గోనెల్లోంచి ఆవిరి తన్నుకుని రావడం మొదలైనప్పటి నుంచి తొడంత చింత మొద్దులు మూడు ఒకదాని వెనక ఒకటి కాలిపోవాలి. అప్పుడే రంగు పట్టు లోపలికి దిగి అక్కడే ఉండిపోతుంది. సగం ఆవిరి పట్టిన చీరా నిండా ఆవిరి పట్టిన చీరా పక్కపక్కన పెడితే దేవుడు కూడా గుర్తుపట్టలేడు. నీళ్లు పడ్డాకే తెలుస్తుంది. అందుకే మరునాడు చల్లనీళ్లలో జాడించి, రంగు వదలడం లేదని చూసుకుని గాని ఇచ్చేవాళ్లం కాదు.

ఆ ఏడు దేవరుప్పుల నుంచి ఒక పెండ్లి చీర వచ్చింది. మీగడ రంగు పట్టు, కొంగు నిండా నెమళ్లు కావాలన్నారు. చిన్న యారాలు దానికోసం వరంగల్ పోయి కొత్త నీలం రంగు తెచ్చింది. పాత నీలం ఆరాక నల్లబడుతుందని ఆమెకు ఎప్పుడూ అసంతృప్తి. కొత్తది నిజంగానే నెమలి మెడలా మెరిసింది. ఆరు రోజులు కూర్చుని వేసింది. ఏడో రోజు పొద్దున నేను గంగాళం పొయ్యికెక్కించాను. అప్పుడే ఆమె చిన్నకొడుక్కి ఒళ్లు కాలిపోతుంటే దవాఖానకు తీసుకుపోతూ వాకిట్లో నిలబడి అంది: "అక్కా, కొత్త నీలం గద, మూడు మొద్దులకు ఇంకింత ఎక్కువనే ఉండనియ్యి. రేపు నేనే జాడిస్త."

నాకు నేర్పుతున్నావా అన్నాను. నవ్వి పోయింది.

దేవరుప్పుల వాళ్లు మరునాడు సాయంత్రం రావాల్సిన మనుషులు. ఆ రోజు పొద్దుననే జీపు దిగారు. పెండ్లిపిల్ల మేనత్త ముందు, వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పసుపు కుంకుమ పళ్లెంతో. ముహూర్తం పెట్టిన అయ్యగారు లెక్క మార్చాడట, రేపంతా మంచి గడియ లేదట, ఈరోజు కూడా ఇంకాసేపట్లో వర్జ్యం వస్తుందట, ఆలోగా చీర మా గడప దాటాలట. మేనత్త గడపలో నిలబడే అడిగింది.

"ఏమమ్మా, అయిందా లేదా? లేకుంటే లేదను, వరంగల్‌ల కొనుక్కుంటం. పిల్లకు వట్టి చేతులతోని పోతమా?"

రెండో మొద్దు అప్పటికి సగమే కాలింది. కాలేదు, ఆవిరి పట్టలేదు, వర్జ్యం పోయాక తీసుకుపోండి, అన్నం వండుతాను తిని కూర్చోండి అని చెప్పొచ్చు. చెప్తే ఏమయ్యేది? సణుగుతారు, పొద్దుగూకాక పోతారు, అంతే. కానీ మా ఇంటికి పెండ్లి చీరకు వచ్చినవాళ్లు ఎన్నడూ వట్టి చేతులతో పోలేదన్న పేరుంది, ఆ పేరు మా అత్త పోయాక నాదే అనుకునేదాన్ని. ఎన్నో చీరలకు ఆవిరి పట్టిన చెయ్యి, ఒకటిన్నర మొద్దు తక్కువైతే ఏమవుతుంది అనుకున్నాను. గోనెలు తీశాను. చుట్ట విప్పాను. నెమళ్లు మెరుస్తున్నాయి. జాడించలేదు. ఇస్త్రీ పెట్టె తాకించి, మడత పెట్టి, పసుపు బొట్టు పెట్టి పళ్లెంలో పెట్టాను. మేనత్త కొంగు చూసి చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. నేను పొంగిపోయాను.

చిన్న యారాలు దవాఖాన నుంచి వచ్చేసరికి గంగాళం బోర్లించి ఉంది. "అప్పుడే తీస్కపోయిండ్రా? జాడిచ్చినవా అక్కా?" అని అడిగింది. అంతా అయిందన్నాను. కాలని మొద్దును అప్పటికే కట్టెల కుప్ప వెనక్కి తోసేశాను.

కన్యాదానం వేళ ధార పోస్తుంటే ఆ నీళ్లు పెండ్లిపిల్ల ఒళ్లో ఉన్న కొంగు మీద పడ్డాయి. నీలం కదిలింది. మీగడ రంగు మీద పాకి, పక్కన కూర్చున్న పెండ్లికొడుకు తెల్ల పంచె మీదికి కూడా పాకింది. పెండ్లి ఆగలేదు గాని వాళ్ల వైపు ముసలమ్మలు చెవులు కొరుక్కున్నారు. ఇదంతా మూడో రోజు చీర మూటతో వచ్చిన మేనత్త చెప్తేనే మాకు తెలిసింది. చెప్పడం కాదు, మా అరుగు మీద చీరను విసిరి, వాడ వాడంతా వినేటట్టు అడిగింది.

"మా పిల్ల చీర కట్టుకున్నదా, నీలిమందు డబ్బల వడ్డదా? పెండ్లికొడుకు పంచె మీద గా మరక ఎవ్వరు కడుగుతరు? ఎవరి చెయ్యి గిది? చెప్పుండ్రి, ఎవరి చెయ్యి?"

మన దిక్కు ఈ చెయ్యి అనే మాటకు ఎంత బరువుండేదో కొత్తవాళ్లకు తెలియదు. విత్తనం వేయాలన్నా, పాలకు తోడు పెట్టాలన్నా, పెండ్లిపిల్లకు పసుపు రాయాలన్నా మంచి చెయ్యి ఉన్న మనిషిని వెతికి పిలిచేవాళ్లు. ఒకసారి ఫలానా చెయ్యి మంచిది కాదు అన్నారంటే ఇక ఆ చేతిని శుభానికి పిలవరు. అది తెలిసే మేనత్త అడిగింది. అది తెలిసే నేను జవాబు చెప్పాను.

"ఆవిరి నేను పెట్టిన. ఆవిరిల ఏం తేడా లేదు. రంగు గీమె తెచ్చింది, గీమెనే కలిపింది. కొత్త రంగు వద్దే అని నేను చెప్పిన, ఇనలే."

నేను వద్దనలేదు. ఆ నీలం చూసి నేనే మురిసిపోయాను.

చిన్న యారాలు గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నన్ను చూడలేదు. కుడిచెయ్యి ఎత్తి, గోళ్ల సందున ఇంకా మిగిలిన నీలాన్ని చూసుకుంది. "కొత్త రంగే, నాకే తెల్వలే. ఇంకో చీర ఏసిస్త అమ్మా, పైస వద్దు" అంది.

"వద్దు తల్లీ, నీ చేతి చీర మళ్ల మాకొద్దు" అంది మేనత్త.

ఆ మాట జీపుతో పాటు ఊళ్లు తిరిగింది. తర్వాత వచ్చినవాళ్లు గడప దగ్గరే నన్ను పక్కకు పిలిచి, చిన్నామె చెయ్యి తగలనియ్యకమ్మా అనేవాళ్లు. నేను సరేననేదాన్ని. ఎవరూ చెప్పకుండానే ఆమె చీర బిగించే మంచం దగ్గరికి రావడం మానేసింది. ఆ కొత్త నీలం పొట్లాన్ని పెరట్లో గుంత తీసి పూడ్చింది. వాడలో పెండ్లయితే పసుపు రాసే చోట వెనక నిలబడేది, పిలిస్తే నవ్వి తల అడ్డంగా ఊపేది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, బియ్యం ఏరుకుంటూ నన్ను అడిగింది. "అక్కా, నీళ్లు ఎక్కువ కలిపిన్నేమో కదా?" నేను, అయి ఉంటుంది, ఇక పోనీ అన్నాను. మళ్లీ అడగలేదు.

మరిదికి భూపాలపల్లి బొగ్గు బాయిలో పని దొరికి వాళ్లు వెళ్లిపోయారు. బొమ్మలు వేసేవాళ్లు లేక మా పని మామూలు రంగులకు దిగి, తర్వాత అదీ ఆగిపోయింది. నా చేతులారా చేసుకున్నది, ఎవరిని అనాలి?

యాభై దాటాక మా సంఘం గదిలో మధ్యాహ్నాలు చదువు చెప్తుంటే పోయి కూర్చున్నాను. పలక పట్టుకుంటే మనవరాళ్లు నవ్వారు, నవ్వనీ అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుని చదవగలిగాను. ఒకరోజు అటక మీద చిన్న యారాలు రంగుల లెక్కలు రాసుకున్న నోటుబుక్కు దొరికింది. ఎన్నో ఏండ్లు నా కళ్లముందే ఉన్నది, నాకు అది చీమల బారు. ఆ రోజు వేలు పెట్టి చదివాను. ఎరుపుకు పటిక ఎంత, పసుపు రంగుకు సిర్కా ఎంత, ఏ రంగుకు నీళ్లు ఎన్ని గరిటెలు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసింది. ప్రతి రంగు కింద ఆఖరి వరుస ఒక్కటే. "ఆవిరి అక్కకు ఎరుక."

పదిహేడు రంగులు. పదిహేడు చోట్ల అదే వరుస.

అప్పుడన్నా పోయి చెప్పాలి కదా. చెప్పలేదు. పండుగలకు పోయాను, వాళ్ల బిడ్డ పెండ్లికి పోయి వారం రోజులు ఉన్నాను, ఆమె ఆపరేషన్ అయితే పోయాను, పోయిన ప్రతిసారీ బస్సులో మాటలు కూర్చుకుని, ఆమె ముఖం చూడగానే మింగేశాను. ఇన్నేండ్ల తర్వాత ఎందుకు కదపడం అని నాకు నేనే చెప్పుకున్నాను. తప్పు చేసినవాళ్లందరూ అట్లనే చెప్పుకుంటారు.

కోడలు ఆ ప్రశ్న వేసిన మూడో రోజు హన్మకొండలో బస్సు మారి భూపాలపల్లి పోయాను. వాళ్ల వాకిట్లో ముగ్గు కాగితం అంటించి ఉంది, అంగట్లో దొరికేది. ఎప్పుడూ అదే చూస్తున్నాను, ఆమెకు ఓపిక లేక అంటించుకుంటుందని అనుకునేదాన్ని. మరిది బయటికి పోయి ఉన్నాడు. ఆమె చాయ తెచ్చింది. చాయ తాగితే మళ్లీ మింగేస్తానని భయమేసి, కప్పు కింద పెట్టి చెప్పేశాను. రెండో మొద్దు సంగతి, జాడించని సంగతి, వద్దన్నానని అబద్ధమాడిన సంగతి, నోటుబుక్కు సంగతి, అన్నీ.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఒక్క మాట అడిగింది.

"అంటే గా నీలం మంచిదేనా అక్కా?"

"మంచిదే, చెల్లె."

"మంచిదే" అని తనలో తను అనుకుంది. తర్వాత కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, గోడకేసి చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది. "నా బిడ్డ పెండ్లిల నా బిడ్డకు నేను పసుపు రాయలే. నా చెయ్యి తగిలితే దానికేమన్న అయితదేమో అని. పెద్దమ్మవని కాదక్కా నిన్ను ముందుగాల పిలిచింది. నీ చెయ్యి మంచిదని పిలిచిన."

నాకు ఆ రోజు గుర్తుంది. పీట మీద పిల్ల కూర్చుని ఉంటే, అందరికంటే ముందు నన్ను పిలిచినందుకు మురిసిపోయి, రెండు చెంపలకు, రెండు చేతులకు, పాదాలకు నిండా పసుపు రాశాను. తల్లి తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉంది. లోపలికి రావేందే అని నేనే పిలిచాను కూడా.

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. అన్నం పెట్టింది, ఆనపకాయ కూర, చారు. ఇంటికొచ్చిన మనిషికి పెట్టినట్టు పెట్టింది, మారు వడ్డించింది. ఎప్పుడూ బస్సు దాకా వచ్చేది, ఆ రోజు రాలేదు. క్షమించానని అంటే నేను నమ్మేదాన్ని కాదు, అనలేదు, అదే సరైంది.

ఇప్పుడు పెండ్లి చీరలు దుకాణం నుంచి అట్టపెట్టెలో వస్తున్నాయి, నెమళ్లన్నీ అచ్చు వేసినట్టు ఒక్క తీరుగా ఉంటాయి, ఏ చేతివని అడిగే పని లేదు. మొన్న వాడలో ఒక పెండ్లికి పోతే పసుపు రాయడానికి ఆడవాళ్లందరూ వరసలో నిలబడ్డారు. స్నేహితురాళ్లు, ఆఫీసు వాళ్లు, ఫొటో తీసే అమ్మాయి కూడా కెమెరా పక్కన పెట్టి వచ్చి రాసింది. ఎవరి చెయ్యి మంచిది, ఎవరిది కాదు అని ఒక్కరూ అనలేదు, ఎవరికీ ఆ ఊహే లేదు. మంచిదే, ఆ పిచ్చి నమ్మకం పోవాల్సిందే. పోతే పోయింది గాని, అది ఇంకొంచెం ముందు పోయి ఉంటే ఒక తల్లి తన బిడ్డకు తానే పసుపు రాసుకునేది కదా అనిపించి, నా వంతు వచ్చినప్పుడు వరసలోంచి పక్కకు తప్పుకున్నాను.